నాలుగు గంటల దూరం

(ఎం.ఎస్సీ. భూగోళశాస్త్రం, ద్వితీయ సంవత్సరం, ఉస్మానియా విశ్వవిద్యాలయం. మన హాస్టల్ పూర్వ విద్యార్థి)

హైదరాబాదు నుండి దుబాయికి ఎంత దూరం? ఈ ప్రశ్న మన గోల్నాక హాస్టల్లో ఎవరిని అడిగినా జవాబు కిలోమీటర్లలో రాదు. "మా అన్న పోయి ఆరేండ్లాయె" అని ఒకరు, "లక్షన్నర అయితది" అని ఒకరు, "నాలుగు గంటలే గదా అన్నా" అని ఇంకొకరు అంటారు. ముగ్గురు చెప్పిందీ నిజమే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు నుండి వచ్చిన మన తమ్ముళ్ళలో ఇంట్లోనో, వాడకట్టులోనో ఒక్కరైనా గల్ఫ్‌కు పోనివాళ్ళు తక్కువ. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు కవితో కథో కాకుండా ఈ దూరం గూర్చే రాయాలనిపించింది. నేను చదువుతున్నది భూగోళశాస్త్రం. దూరాలు కొలవటం మా చదువులో భాగం. మా ఇంట్లో డిగ్రీ గడప దాటినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మా ఇంటి లెక్క కూడా నేనే చేయాలి.

మొదట పుస్తకం లెక్క చూద్దాం. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. దుబాయి విమానాశ్రయం 25.25 డిగ్రీల ఉత్తరం, 55.36 డిగ్రీల తూర్పు. గోడ మీది పటంలో ఈ రెండు చుక్కల మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే దూరం సరిగ్గా రాదు. భూమి గుండ్రంగా ఉంటుంది, పటం బల్లపరుపుగా ఉంటుంది. అందుకని గ్లోబు తీసుకుని రెండు చుక్కల మధ్య ఒక దారం బిగువుగా లాగి పట్టుకోవాలి. ఆ దారం పోయిన దారిని మహావృత్తం దారి అంటారు. భూమి మీద రెండు చోట్ల మధ్య అంతకన్నా దగ్గరి దారి లేదు. త్రికోణమితి సూత్రంలో పై నాలుగు అంకెలు వేస్తే భూమి కేంద్రం దగ్గర 22.9 డిగ్రీల కోణం వస్తుంది. మహావృత్తం మీద ఒక డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 2,546. గుండుగుత్తగా 2,550 కిలోమీటర్లు అనుకోవచ్చు. పైలట్ల భాషలో ఇది 1,374 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు.

ఆ దారం శంషాబాద్ దగ్గర బయలుదేరి పడమటికి, కొంచెం ఉత్తరానికి వాలుతూ మహారాష్ట్ర మీదుగా పోతుంది. ముంబయికి కాస్త ఉత్తరంగా తీరం దాటి అరేబియా సముద్రం మీదికి వస్తుంది. తర్వాత ఒమన్ సింధుశాఖ దాటి, ఫుజైరా వైపు నేల తాకి దుబాయి చేరుతుంది. అసలు విమానాలు సరిగ్గా ఈ గీత మీదే పోవు. నేల మీద బస్సుకు రోడ్డు ఉన్నట్టే వాటికీ నిర్ణయించిన ఆకాశ మార్గాలు ఉంటాయి.

ఇక సమయం. ప్రయాణికుల జెట్ విమానం పైకి చేరిన తర్వాత గంటకు ఇంచుమించు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన మూడు గంటలు చాలు. కాని టికెట్ మీద సుమారు నాలుగు గంటలు ఉంటుంది. రన్‌వే దాకా మెల్లగా నడవాలి, పైకి ఎక్కాలి, కిందికి దిగాలి, దారిలో వంపులు తిరగాలి. దీనికి తోడు గాలి. చలికాలంలో అంత ఎత్తున పడమటి నుండి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. దుబాయి పోయేటప్పుడు అది ఎదురుగాలి. వచ్చేటప్పుడు వెనుక నుండి తోస్తుంది. అందుకే తిరుగు ప్రయాణం సుమారు మూడున్నర గంటలే. వానాకాలంలో మన దక్షిణాది పైన చాలా ఎత్తులో తూర్పు నుండి పడమటికి ఇంకో జెట్ గాలి వీస్తుంది. దాని గూర్చి 1958లో పరిశోధన పత్రం ప్రకటించినవాడు పి. కోటేశ్వరం అనే మన దేశపు వాతావరణ శాస్త్రవేత్త. క్లాసులో ఆ పాఠం విన్న రోజున నాకు బాపు గుర్తొచ్చాడు. బాపు మొదటిసారి పోయింది ఆగస్టు నెలలో. ఆ గాలి ఆయన విమానాన్ని కూడా కాస్త తోసిందేమో.

గడియారం చెప్పే లెక్క ఇంకో తీరు. దుబాయి మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది. మన టైం ప్రకారం ఉదయం పది గంటలకు ఇక్కడ ఎక్కితే అక్కడ దిగేసరికి అక్కడి గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తుంది. పోవటానికి రెండున్నర గంటలే పట్టినట్టు. అక్కడ రాత్రి పది గంటలకు ఎక్కితే ఇక్కడ తెల్లవారుజామున మూడు గంటలకు దిగుతారు. రావటానికి ఐదు గంటలు పట్టినట్టు. పోవుడు సులువు, వచ్చుడు కష్టం అని మా ఊరి పెద్దవాళ్ళు అనే మాటను గడియారం కూడా ఒప్పుకుంటుంది.

పుస్తకం లెక్క ఇంతే. ఇప్పుడు మా ఇంటి లెక్క.

మాది ఇప్పటి జగిత్యాల జిల్లాలో ధర్మపురి దగ్గర ఒక పల్లె. భూమి లేదు. బాపు నాలుగో తరగతి దాకా చదివి పశువులు కాయటానికి పోయాడు. మా తాత బొంబాయిలో కట్టడాల పనికి పోయేవాడు. బొంబాయి మన తెలుగు కూలీలకు చాలా పాత దారి. అక్కడి కామాఠీపురా అనే పేట పేరు కూడా మన వైపు నుండి పోయిన కామాఠీల వల్ల వచ్చిందే. 1973లో చమురు ధరలు పెరిగి అరబ్ దేశాలలో ఇండ్లు, రోడ్లు, ఓడరేవులు కట్టటం ఎక్కువైన తర్వాత, బొంబాయి దాకా పోయినవాళ్ళే అక్కడి నుండి సముద్రం దాటటం మొదలుపెట్టారు. బొంబాయి నుండి దుబాయికి దాదాపు 1,925 కిలోమీటర్లు. అప్పట్లో మా ఊరి నుండి బొంబాయి చేరటానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టేదట. ఆపైన ఏజెంటు చూపిన గదిలో వారాలకు వారాలు వీసా కోసం ఎదురుచూపు. ఇప్పటికీ మా ఊరి ముసలివాళ్ళు మస్కట్ పోయినా, కువైట్ పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. వాళ్ళ దృష్టిలో అది ఒక దేశం పేరు కాదు, మనిషి కంటికి కనబడకుండా పోయే చోటు పేరు.

బాపు 2007 ఆగస్టులో పోయాడు. నాకు అప్పుడు ఐదేండ్లు. విమానం బేగంపేట నుండి. 2008 మార్చి 23 నుండి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి. 2010లో ఛుట్టీ మీద వచ్చినప్పుడు బాపు దిగింది శంషాబాద్‌లో. బేగంపేటలో ఎక్కి శంషాబాద్‌లో దిగిన ఆ మనిషికి బయటికి వచ్చాక కాసేపు తాను వచ్చింది హైదరాబాదేనా అని అనుమానం వచ్చిందట.

ఈ మార్పును కూడా నేను లెక్క వేసి చూశాను. బేగంపేట దుబాయికి శంషాబాద్ కన్నా సుమారు 6 కిలోమీటర్లు దగ్గర. అంటే విమానాశ్రయం మారటం వల్ల విమానానికి పెరిగిన సమయం అర నిమిషం కూడా కాదు. కాని తార్నాక నుండి ఎవరినైనా సాగనంపటానికి పోతే బేగంపేట పది కిలోమీటర్ల లోపే, శంషాబాద్ ముప్పై దాటుతుంది. మా ఊరి వాళ్ళకు జూబ్లీ బస్ స్టేషన్లో దిగిన తర్వాత సిటీ అంతా దాటాల్సిన పని పడింది. ఆకాశంలో కనబడని తేడా నేల మీద నడిచేవాడికి బాగా తెలుస్తుంది.

బాపు పోవటానికి ఏజెంటుకు ఇచ్చింది 90 వేలు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన పైసలు. అక్కడ జీతం 800 దిర్హాములు, అప్పటి రేటులో 8,800 రూపాయలు. మెస్‌కు 200 దిర్హాములు పోతే మిగిలింది 6,600. ఇంటికి నెలకు 1,500 పంపితే అప్పు కింద కట్టగలిగింది 5,100. మొదటి నెల మిత్తే 2,700. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఒక రాత్రి మన హాస్టల్ మిద్దె మీద కూచుని ఈ లెక్క కాగితం మీద వేశాను. అప్పు తీరటానికి 25 నెలలు దాటుతుందని తేలింది. అవ్వను అడిగితే రెండో ఏడు బతుకమ్మ పండుగ కూడా పోయిన తర్వాత తీరింది అని చెప్పింది. లెక్క సరిపోయింది. అంటే విమానం ఆయన్ని నాలుగు గంటల్లో దింపింది గాని, సంపాదన మొదలయ్యే చోటికి చేరటానికి ఆయనకు రెండేండ్లు పైన పట్టింది.

దుబాయిలో బాపు ఉన్నది సోనాపూర్ అనే లేబర్ క్యాంపులో. సోనాపూర్ అంటే బంగారు ఊరు. ఒక గదిలో పన్నెండు మంది, ఒకరి పైన ఒకరికి మంచాలు. అప్పట్లో అక్కడ శుక్రవారం సెలవు. అందుకని నాకు చిన్నప్పటి నుండి శుక్రవారం అంటే ఫోన్ వచ్చే రోజు. ఆరో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరిన తర్వాత ఆ ఫోన్ వార్డెన్ సారు సెల్లుకు వచ్చేది. గల్ఫ్‌లో తండ్రులున్న పిల్లలం శుక్రవారం రాత్రి భోజనం అయ్యాక సారు గది ముందు వరుసగా నిలబడేవాళ్ళం. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. "తిన్నవా బిడ్డా, సదువుతున్నవా?" అని ఆయన, "తిన్న బాపూ, సదువుతున్న" అని నేను. రెండు నిమిషాలు అయిపోయేవి.

2013లో ఇంకొకసారి వచ్చి పోయాడు. ఆ తర్వాత కంపెనీ పని తగ్గింది. జీతాలు ఆగాయి. ఏడు నెలలు చూసి, చేసేది లేక బయట పని వెతుక్కున్నాడు. పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉండిపోయింది. వీసా గడువు దాటింది. గల్ఫ్‌లో ఇలాంటివాళ్ళను ఖల్లివెల్లి అంటారు. దొరికితే జైలు, దొరకకపోయినా రోజుకు ఇంత అని జరిమానా పెరుగుతూనే ఉంటుంది.

2016 జూన్‌లో మా బాపమ్మ చనిపోయింది. నేను తొమ్మిదో తరగతికి వచ్చాను, బడులు అప్పుడే తెరిచారు. వార్డెన్ సారు బస్సెక్కించి పంపాడు. ఇంటికి చేరేసరికి వాకిట్లో జనం. ఒక పెద్దమనిషి అడిగాడు, "కొడుకు ఎప్పుడస్తడు? విమానమెక్కితె నాలుగు గంటలేనాయె. పొద్దుమూకె దాక ఆగుదమా?" అవ్వ తల ఎత్తకుండానే చెప్పింది, "ఎదురుచూడకుండ్రి. ఆయన రాడు. పాస్‌పోర్టు ఆయన తాన లేదు."

అక్కడ వాట్సాప్‌లో మాట్లాడే వీలు లేదు కాబట్టి మా చిన్నాయన ఫోన్లో ఇమో పెట్టి బాపును చూపించాడు. ఆయన ఏదో కట్టడం మెట్ల కింద నిలబడి ఉన్నాడు. "అవ్వ మొకం జర దగ్గరికి వెట్టు బిడ్డా" అన్నాడు. నేను ఫోన్ దగ్గరగా పట్టుకున్నాను. సిగ్నలు ఆగి ఆగి వస్తున్నది. పెద్ద కొడుకు చేయాల్సిన పనులు పెద్ద కొడుకు బిడ్డనైన నాతో చేయించారు. మొదటి పిడికెడు మట్టి నేనే వేశాను. మూడో రోజు పిట్టకు పెట్టిన తర్వాత మళ్ళీ హాస్టల్‌కు వచ్చేశాను. శుక్రవారం నాడు ఫోన్ వచ్చింది. ఆ రోజు సారు రెండు నిమిషాలు లెక్కపెట్టలేదు. బాపు, నేను ఎక్కువ మాట్లాడలేదు కూడా.

2018 ఆగస్టు 1 నుండి అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. గడువు దాటినవాళ్ళు జరిమానా, జైలు లేకుండా దేశం విడిచి పోవచ్చు, లేదా కాగితాలు సరిచేసుకోవచ్చు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు భారత కాన్సులేట్ అత్యవసర పత్రం ఇచ్చింది. మనవాళ్ళు దాన్ని ఔట్‌పాస్ అంటారు. బాపు ఆ కాగితం పట్టుకుని అక్టోబరులో వచ్చాడు. 2010లో వచ్చినప్పుడు బ్లాంకెట్, టాంగ్ ప్యాకెట్లు, టైగర్ బామ్, నాకు టార్చిలైటు తెచ్చాడు. ఈసారి చేతిలో ఒక బట్టల సంచి. ఊళ్ళోకి వచ్చి ఇంటికి పోకుండా ముందు బొందలగడ్డకు పోయాడు.

బాపమ్మ పోయిన రోజు నుండి బాపు దిగిన రోజు దాకా 28 నెలలు. దగ్గర దగ్గర 850 రోజులు. 2,550 కిలోమీటర్లను 850 రోజులతో భాగిస్తే రోజుకు మూడు కిలోమీటర్లు. మన హాస్టల్ నుండి తిలక్‌నగర్, శివం మీదుగా నడుచుకుంటూ విద్యానగర్ దాకా పోతే ఇంచుమించు అంత దూరం. ఆ దారిలో మూడేండ్లు నేను రోజూ నడిచాను, బస్సు పాసు లేని నెలల్లో. ఈ లెక్క తెలిసిన తర్వాత ఆ నడక నాకు వేరేగా తోచింది. గంటకు 850 కిలోమీటర్లు పోయే విమానం ఉన్న కాలంలో ఒక కొడుకు తన తల్లి దగ్గరికి రోజుకు మూడు కిలోమీటర్ల చొప్పున వచ్చాడు.

ఎందుకిలా అయ్యింది? విమానం లేక కాదు. టికెట్ ధర ఒక్కటే కారణం కాదు, నలుగురు దోస్తులు కలిసి టికెట్ పైసలు పోగు చేయగలిగేవారే. తిరిగి రావాలా వద్దా అన్నది ఆయన చేతిలో లేకపోవటమే కారణం. పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో ఉంటే, ఒక ఊరికి ఇంకో ఊరు ఎంత దగ్గరో చెప్పే అంకెలన్నీ ఆ బీరువా తాళం ముందు ఆగిపోతాయి.

తార్నాక, గోల్నాక అనే రెండు పేర్లలోనూ నాకా అనే మాట వినబడుతుంది. ఉర్దూలో నాకా అంటే దారిలో ఆపి తనిఖీ చేసే చోటు. క్యాంపస్‌కు అటు ఒక నాకా, ఇటు ఒక నాకా. మన దేశం నుండి గల్ఫ్‌కు పోయే దారిలో కూడా ఒక నాకా ఉంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. అని ఉంటుంది. అంటే తనిఖీ అవసరం అని అర్థం. ఇలాంటివాళ్ళు పని కోసం యు.ఎ.ఇ., సౌదీ, కువైట్ వంటి 18 దేశాలకు పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పదో తరగతి పాసైతే ఆ ముద్ర ఉండదు. బాపు పాస్‌పోర్టులో ఆ ముద్ర ఉంది. నా పాస్‌పోర్టులో లేదు. రెండింటికీ మధ్య తేడా ఒక్క టెన్త్ మెమో. ఆ మెమో నాకు ఇచ్చింది సాంఘిక సంక్షేమ హాస్టల్. ఉదయం ఉప్మా, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి నీళ్ళచారు అని మనం నవ్వుకునే ఆ హాస్టలే.

ఆ తనిఖీ మనల్ని ఆపటానికి కాదు, కాపాడటానికి పెట్టింది. ఆ అనుమతితో పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంటుంది. ఏజెంట్లు మాత్రం "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్త" అని నాకా పక్కనుండి దాటిస్తారు. అట్లా పోయినవాడు సర్కారు కాగితాల్లో కూలీ కానే కాదు, టూరిస్టు. అతనికి జరగరానిది జరిగితే బీమా ఉండదు, అగ్రిమెంటు ఉండదు.

నాలుగు గంటల దూరం ఎట్లా మాయమవుతుందో 2020లో అందరూ చూశారు. కరోనా వల్ల మార్చి నెలాఖరుకు అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మే 7న వందే భారత్ మిషన్ విమానాలు మొదలయ్యేదాకా పైసలున్నవాడు, లేనివాడు ఒకే తీరుగా చిక్కుకుపోయారు. మామూలు విమాన సర్వీసులు పూర్తిగా తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. ఆ రోజుల్లో టీవీ వార్తలు చూస్తూ బాపు ఒక్క మాట అన్నాడు, "గిప్పుడు అందరికి ఎర్కయితంది." అంతకన్నా ఏమీ అనలేదు.

ఇప్పుడు బాపు ఊళ్ళో రెండెకరాలు కౌలుకు చేస్తున్నాడు. నేను క్యాంపస్‌లో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పోయిన నెల తార్నాకలో చాయ్ తాగుతుండగా మా సీనియర్ అన్న ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన దుబాయిలో కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే పనిలో ఉన్నాడు. అక్కడ నాలాంటివాడికి ఒక ఉద్యోగం ఉందట. రెండేండ్ల అగ్రిమెంటు, ఏడాదికి ఒకసారి టికెట్. చూడండి, అదే 2,550 కిలోమీటర్లు, అదే నాలుగు గంటలు. కాని బాపు పోయిన చోటూ, నేను పోబోయే చోటూ ఒకటి కాదు.

దసరాకు ఊరికి పోయాను. జూబ్లీ బస్ స్టేషన్ నుండి మా ఊరికి ఐదు గంటలు పడుతుంది, దుబాయి విమానం కన్నా ఒక గంట ఎక్కువ. రాత్రి ఉద్యోగం సంగతి బాపుకు చెప్పాను. వద్దంటాడని అనుకున్నాను. చాలాసేపు ఏమీ అనకుండా బీడీ కాల్చాడు. తర్వాత అన్నాడు, "పోతె పో బిడ్డా. నువ్వు నా లెక్క పోవుడు గాదు. కని పాస్‌పోర్టు నీ పెట్టెల ఉండాలె. తిరుగు టికెట్ పైసలు ఎప్పుడు నీ జేబుల ఉండాలె. గా రెండు లేకుంటె ఎంత దగ్గరున్నా దూరమే." అవ్వ మాత్రం లోపలి నుండి, "గీడనే కొలువు దొరకదా?" అన్నది. ఆమె ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు. గ్రూప్స్ నోటిఫికేషన్ చూస్తున్నాను, అగ్రిమెంటు కూడా చదువుతున్నాను. మార్చి లోపల తేల్చుకోవాలి.

తమ్ముళ్ళారా, పోవద్దని నేను ఎవరికీ చెప్పను. ఒక్క యు.ఎ.ఇ.లోనే 35 లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. బాపు పంపిన పైసలతోనే మా ఇంటి మీద రేకులు పడ్డాయి, నా ఫీజులు కట్టారు. కాని మన ఇండ్లలో నుండి ఎవరైనా పోతున్నారంటే కొన్ని సంగతులు మనం చూడాలి, ఎందుకంటే ఇంట్లో ఇంగ్లీషు కాగితం చదవగలిగేది మనమే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్‌లో చూడాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తన సేవకు 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400 రూపాయలకు మించి తీసుకోకూడదు. అక్కడి 2021 కార్మిక చట్టం ప్రకారం యజమాని కార్మికుడి పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోకూడదు. ఆ చట్టం 2022 ఫిబ్రవరి 2 నుండి అమల్లో ఉంది. అగ్రిమెంటులో జీతం ఎంత, ఛుట్టీ ఎప్పుడు, టికెట్ ఎవరిది అన్న మూడు గీతల కింద పెన్సిలుతో గీసి ఇంట్లో వాళ్ళకు తెలుగులో చదివి వినిపించాలి. 2024 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇచ్చేందుకు ఉత్తర్వులు ఇచ్చింది. అది అవసరం పడకూడదనే కోరుకుందాం, కాని తెలిసి ఉండాలి.

పదో తరగతి చదువుతున్న మీ తమ్ముళ్ళకు కూడా ఈ మాట చేరవేయండి. టెన్త్ పాస్ కావటం అంటే ఉద్యోగం కోసమే కాదు, పాస్‌పోర్టులో ఒక ముద్ర లేకుండా ఉండటం కోసం కూడా.

ప్రతి ఆదివారం సాయంత్రం నేను క్యాంపస్ నుండి గోల్నాకకు వస్తూనే ఉంటాను, చిన్న తమ్ముళ్ళకు లెక్కలు చెప్పటానికి. మీ ఇంటి నుండి ఎవరి అగ్రిమెంటు అయినా, వీసా కాగితం అయినా ఉంటే తీసుకురండి. మెస్ హాల్లో కూచుని కలిసి చదువుదాం. ఇప్పటికి నాలుగు చదివాం. అందులో ఒకటి విజిట్ వీసా అని తేలింది. ఆ తమ్ముడి అన్న ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు, సరైన వీసా కోసం చూస్తున్నాడు.